అరవై తాంబూలాలకు అరవై మొక్కలు: ఇంట్లోనే సక్యులెంట్లు పెంచిన నా అనుభవం

మా తమ్ముడు అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం మాఘమాసంలో అనుకున్నారు. వచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు స్టీలు గిన్నె ఇవ్వడం మా మరదలికి ఇష్టం లేదు. "అందరి ఇళ్ళలో గిన్నెలు మూలుగుతున్నాయి వదినా, చిన్న సక్యులెంట్ మొక్క ఇద్దాం" అంది. మందపాటి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలవి. నర్సరీలో అడిగితే రెండంగుళాల ప్లాస్టిక్ కుండీలో ఉన్నది ఒక్కోటి తొంభై రూపాయలు చెప్పారు. అరవై మందికి 5,400. మట్టి కుండీలోకి మార్చి ఇవ్వాలంటే మళ్ళీ అదనం. "ఆ డబ్బు ఎందుకు పోయాలి, నాలుగు నెలలు టైముంది కదా, నేను పెంచిస్తా" అనేశాను. ఇది 2024 దసరా ముందు మాట.

మా అమ్మకు మొదట్నుంచీ ఇది నచ్చలేదు. "తాంబూలంలో రాయి మాదిరి మొక్క ఏందమ్మీ, కనీసం తులసన్నా ఇవ్వండి" అంది. తులసి అయితే నెలలో వచ్చేసేది కూడా.

తల్లిమొక్కలు కొనడానికి వెళ్ళాను. రోడ్డు పక్కన ఆగే మొక్కల బండ్లలో ఎక్కువగా గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి వచ్చే గులాబీలు, మందారాలు, క్రోటన్లు ఉంటాయి. సక్యులెంట్లు ఉన్నా ఒకటీ అరా. నర్సరీలోనే దొరికాయి, బెంగుళూరు నుంచి తెప్పించామన్నారు. బాగా గుబురుగా ఉన్న బూడిదరంగు ఆకుల ఘోస్ట్ ప్లాంట్ ఒకటి 150, ఆకులు పువ్వులా అమరి ఉండే ఎచెవేరియాలు రెండు చెరో 180, జేడ్ పేరుతో ఒక పెద్ద మొక్క 200. ఈ జేడ్ గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర చిన్న గుండ్రటి ఆకులు, ఎర్రటి కాడలతో జేడ్ అని అమ్మేది చాలావరకు అసలు జేడ్ కాదు, పోర్చులకేరియా అనే వేరే మొక్క. రెండూ దక్షిణాఫ్రికావే, చూడటానికి చుట్టాల్లా ఉంటాయి. అమ్మేవాళ్ళకు ఆ తేడా అవసరం లేదు, పెంచేవాళ్ళకు ఉంది. అసలు జేడ్ ఆకు తుంచి పెట్టినా మొలుస్తుంది. పోర్చులకేరియా ఆకుతో దాదాపు రాదు. ఒకవేళ వేళ్ళు వచ్చినా చిగురు రాక అట్లే కూర్చుంటుంది. దీనికి కొమ్మే పెట్టాలి.

మట్టికి నాకు పెద్దగా ఖర్చు కాలేదు. తమ్ముడి ఇంటి దగ్గర మిగిలిన ఇసుక ఒక గంపెడు తెచ్చుకున్నాను. సన్న పొడి జల్లెడలో కిందికి పోగా పైన మిగిలిన గరుకు ఇసుకే మనకు కావలసింది. దాన్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి ఎండబెట్టాను. అక్కడే పగిలిన ఇటుకలు తెచ్చి శెనగగింజంత ముక్కలుగా కొట్టాను. సైటులో క్రషర్ డస్ట్ కూడా గుట్టలుగా ఉంది కానీ అది తడిస్తే గట్టిపడిపోతుంది, దాని జోలికి పోకండి. కొబ్బరిపీచు పొడిని ఇటుకలా నొక్కిన కోకోపీట్ ఒకటి నూట ఇరవై. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి రెండు మూడు సార్లు పిండి వాడాలి. ఒక వంతు కోకోపీట్, రెండు వంతులు ఇసుకా ఇటుకా. చూస్తే ఇందులో ఏం మొలుస్తుందిలే అనిపించేంత గరుకుగా ఉండాలి.

దసరా సెలవుల్లో ఆకులు తీయడం మొదలుపెట్టాను. ఘోస్ట్ ప్లాంట్ ఈ పనికే పుట్టినట్టుంది. ఆకును మొదట్లో పట్టుకుని కుడికీ ఎడమకీ కొంచెం కదిపితే టక్కున ఊడొస్తుంది. మొదలు పూర్తిగా రావాలి. మధ్యలో తెగిన ఆకు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటుంది, మొలవదు. పిలక పుట్టే చోటు ఆ మొదట్లోనే ఉంటుంది మరి. ఎచెవేరియా ఆకులు కాడకు బిగుతుగా అంటుకుని ఉంటాయి, సగం తెగిపోయాయి. నూట ఎనభై పెట్టి కొన్న మొక్క ఆకులు చేతిలో తునిగిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. ఆకుల మీద తెల్లటి బూడిదలాంటి పూత ఉంటుంది, వేలు తగిలిన చోటల్లా చెరిగిపోయి ఆ మరక అట్లే మిగిలిపోతుంది. ఇచ్చే మొక్క అందంగా ఉండాలంటే పై ఆకులు ముట్టుకోకూడదని అప్పుడు తెలిసింది.

తీసిన ఆకుల్లో కొన్ని వెడల్పాటి ట్రేలలో మట్టి మీద పరిచి మిద్దె మీద రేకుల కింద పెట్టాను. ట్రేలు చాలక మిగిలినవి మా అమ్మ చేటలో వేసి ముందు గదిలో, తూర్పు కిటికీ దగ్గర ఉంచాను. ఆ రెండింటి కథా వేరువేరుగా నడిచింది.

అక్టోబరు మూడో వారంలో వానలు పట్టుకున్నాయి. పండమేరు వాగు పొంగి ఊరి చివర కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన రోజులు అవి. వాన మొహం చూడని జిల్లా అని మనకు పేరు, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. నేను సరిగ్గా ఆ అక్టోబరులోనే కూర్చున్నాను. రేకుల కింద ఆకులు నేరుగా తడవలేదు, కానీ గాలిలో తేమకే మట్టి ఆరలేదు. ఆకులు ఒక్కోటీ మొదట్లో గాజులా పారదర్శకంగా మారి, పసుపై, ముట్టుకుంటే నీరుకారాయి. ఒకటి కుళ్ళితే పక్కది కూడా. వాసన వచ్చేసింది. ట్రేలకు ట్రేలు ఎత్తి పారేశాం.

చేటలో ఉన్నవాటిని ఆ హడావిడిలో ఎవరం పట్టించుకోలేదు. మట్టి లేదు, నీళ్ళు లేవు. దీపావళి ముందు ఇల్లు దులుపుతూ చేట ఎత్తితే ఆకుల మొదళ్ళలో గులాబి రంగు దారాల్లాంటి వేళ్ళు! కొన్నిటికి ఆవగింజంత పిలక కూడా. నేను ఇల్లంతా పిలిచి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి "బతికే ఉన్నాయే" అంది, ఆమె నోట అది పెద్ద మెప్పు.

అందుకే ఆకులతో మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. వేళ్ళు కనబడేదాకా మట్టి అక్కర్లేదు. ఆకు తన తడి తనే దాచుకుని ఉంటుంది, దాంతోనే వేరు పుట్టిస్తుంది. పొడి గదిలో, ఎండ నేరుగా పడని వెలుతురులో పడేసి వదిలేయండి. రోజూ స్ప్రే కొట్టమని వీడియోల్లో చెబుతుంటారు. నాకు ఆ స్ప్రే బాటిల్ ఎందుకూ పనికిరాలేదు, ఇప్పుడు మా ఆయన ఇస్త్రీకి వాడుతున్నాడు.

వదిలేయడమే కష్టం. బడి నుంచి రాగానే ఫోన్ టార్చి వేసి ఒక్కో ఆకునూ తిప్పి చూసేదాన్ని. "ఏమన్నా పొదిగిందా?" అని మా ఆయన రోజూ ఎగతాళి. వేరు వచ్చిన ఆకును తిప్పి తిప్పి చూస్తే ఆ వేరు విరిగిపోతుందని తర్వాత అర్థమై మానుకున్నాను. నవంబరంతా ఇట్లాగే గడిచింది. వేళ్ళకు రెండు మూడు వారాలు, పిలక కంటికి ఆనడానికి ఇంకో రెండు మూడు వారాలు. కొన్ని ఆకులకు వేళ్ళు గడ్డంలా పెరిగి పిలక మాత్రం రాలేదు. కొన్నిటికి పిలక వచ్చి వేళ్ళు రాలేదు, అవి నెమ్మదిగా ముడుచుకుపోయాయి. కారణం వెతకడం దండగ.

నవంబరు చివర్లో లెక్క వేసుకుంటే గుండె జారింది. పిలకలు బొటనవేలి గోరంత కూడా లేవు. మాఘానికి రూపాయి బిళ్ళంత అవుతాయేమో. అది చేతిలో పెడితే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? అప్పుడు కొమ్మల మీద పడ్డాను. ఆకులు కోల్పోయిన ఘోస్ట్ ప్లాంట్‌కు బోసి కాడలు, చివర గులాబి పువ్వులాంటి తలలు మిగిలి ఉన్నాయి. ఆ తలలు రెండంగుళాల కాడతో కోసేశాను. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, కోసిన చోట ఎండి చెక్కు కట్టేదాకా నీడలో ఉంచాను. అక్టోబరులో వారం పట్టేది ఈ పొడి గాలికి మూడు రోజుల్లో అయిపోయింది. పోర్చులకేరియా కొమ్మలు నాలుగంగుళాల చొప్పున కోసి, కింది ఆకులు దూసేసి అదే పద్ధతి. నాటాక వారం దాకా నీళ్ళు పోయలేదు. మూడో వారంలో కొమ్మను కొంచెం పైకి లాగితే కదల్లేదు, పట్టుకుంది. వేలికి ఆ బిగువు తగిలినప్పుడు కలిగే సంతోషం ఏ పరీక్ష రిజల్టుకూ కలగలేదు నాకు.

ఇంకో లాభం కూడా వచ్చింది. తలకాయ కోసిన మోడుకు రెండు మూడు చోట్ల కొత్త తలలు పుట్టుకొచ్చాయి. ఆకుల కోసం అంత కష్టపడే కంటే మొదటే తలలు కోసి ఉంటే ఈపాటికి రెండు కోతలు అయ్యేవి. తొందర ఉన్నవాళ్ళు కొమ్మలతో వెళ్ళండి. ఆకులు ఓపిక ఉన్నవాళ్ళకు.

కోసిన చోట కుళ్ళు రాకుండా సాఫ్ పొడి అద్దాలని విని ఎరువుల అంగడికి వెళ్ళాను. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు అది. అంగడాయన లేచి "ఎన్నెకరాలకమ్మా?" అన్నాడు. కుండీలకు అంటే ఆయన ముఖం చూడాలి. చుట్టూ శెనక్కాయ విత్తనశుద్ధికి బస్తాల లెక్కన మందులు కొనే రైతులు. వాళ్ళ మధ్య వంద గ్రాముల పొట్లం పట్టుకుని వచ్చేశాను. మూడు నెలలు వాడినా అందులో పావు వంతు కూడా అవలేదు. చేతులకు కవర్లు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వాడండి. పిల్లలకు అందకుండా పెట్టండి.

కుండీల సంగతి. మూడంగుళాల మట్టి కుండీలు విడిగా కొంటే ఒక్కోటి పాతిక. అనంతపురం పాతూరులో టీ అంగళ్ళకు మట్టి కప్పులు ఇచ్చే దగ్గర అడిగితే ఎనిమిది రూపాయలకు దొరికాయి. కానీ అడుగున రంధ్రం ఉండదు. తమ్ముడి ఇంట్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ డ్రిల్లు అడిగి తీసుకుని ఒకటి వేయగానే కప్పు రెండు ముక్కలైంది. ఆయనే చెప్పాడు, "రాత్రంతా నీళ్ళలో నానబెట్టండక్కా, గోడకు వాడే బిట్టు పెట్టి, సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ ఆపేసి, మెల్లగా తిప్పండి" అని. నానిన కప్పుల్లో నాలుగైదు తప్ప మిగతావన్నీ నిలిచాయి. వారాంతమంతా ఆ పనే. మిద్దె మీద ఎర్రటి బురద, నా చీర నిండా మరకలు.

డిసెంబరు, జనవరి ఈ మొక్కలకు మన ఊళ్ళో మంచి కాలం. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా. పొద్దుటి ఎండ మూడు గంటలు తగిలేట్టు పెడితే ఘోస్ట్ ప్లాంట్ బూడిదరంగు పోయి లేత గులాబికి తిరిగింది. తల్లి ఆకు ముడుచుకుపోయి కాగితంలా ఎండేదాకా దాన్ని పీకకూడదు. పిలక తినేది దాన్నే. నీళ్ళు సూది తీసేసిన సిరంజితో మొక్క మొదలు దగ్గర పోసేదాన్ని. మా బోరు నీళ్ళు మహా చవుడు. కప్పుల మీద, ఆకుల మీద తెల్లగా పొర కట్టాయి. అక్టోబరులో డ్రమ్ముకు పట్టిన వాన నీళ్ళు అయిపోయాక తాగే నీళ్ళ క్యాను నుంచే పోశాను. మా ఆయన దీనికి కూడా ఒక మాట అన్నాడు కానీ రాయను.

సంక్రాంతి తర్వాత చీమలు బారులు కట్టాయి. చీమలు ఊరికే రావని తెలిసి ఆకుల సందులు చూస్తే తెల్లటి దూదిలాంటి పిండినల్లి. ఎచెవేరియాల నడిమి ఆకుల్లో దట్టంగా ఉంది. వేపనూనె కొడితే ఆకుల మీది తెల్ల పూతంతా జిడ్డుగా కొట్టుకుపోయి, మొక్క తడిసిన కోడిలా తయారైంది. అప్పుడు మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి ఇయర్ బడ్‌తో ఒక్కో పురుగునూ తుడిచాను. సాయంత్రం పూట, ఎండ పోయాక. మూడు నాలుగు రోజులకోసారి, పురుగు కనబడనంత వరకు. చీమలు రాకుండా టేబుల్ కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టాను. ఎచెవేరియాలు మాత్రం చివరికి చేతికి రాలేదు, ఒక్క తల్లిమొక్క మిగిలింది. దాని మీద పెట్టిన డబ్బు పోయినట్టే.

జనవరి చివరికి ఇవ్వడానికి తగినవి అరవైకి నలభై దాటి ఉన్నాయంతే. ఆకుల నుంచి వచ్చిన బుల్లి పిలకలను మూడేసి చొప్పున ఒక కప్పులో గుంపుగా పెట్టాక బాగానే కనిపించాయి. మిగతా వాటికి రణపాలే దిక్కు. మా ఎదురింటి వదిన పెరట్లో గుబురుగా ఉంది. దాని ఆకు నేలన పడితే చాలు, అంచున ప్రతి గంటు దగ్గరా ఒక పిల్ల లేస్తుంది. డిసెంబరులో ఊరికే ఒక ట్రేలో నాలుగాకులు పరిచి ఉంచాను, అవి ఎప్పుడో అరచేతి ఎత్తుకు వచ్చేశాయి. మరదలికి మొదట నామోషీ. "పెరట్లో పెరిగేది ఇస్తామా వదినా?" అంది. వేరే దారి లేదు.

ముందు రోజు వాటిని కొత్త ఇంటికి చేర్చడం ఇంకో యుద్ధం. కూరగాయల ఆమె దగ్గర రెండు టమాటా క్రేట్లు అడిగి తెచ్చి, కప్పుల మధ్య పాత పేపర్లు కూరి ఆటోలో తీసుకెళ్ళాను. కళ్యాణదుర్గం రోడ్డు స్పీడు బ్రేకర్ల మీద ఎక్కి దిగినప్పుడల్లా ఘోస్ట్ ప్లాంట్ ఆకులు టపటపా రాలాయి. దిగాక క్రేట్ అడుగున రాలినవన్నీ ఏరి చీర కొంగులో కట్టుకున్నాను. ఆటో అతను వింతగా చూశాడు.

ఫంక్షన్‌లో జరిగింది నేను అనుకున్నట్టు కాదు. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు ఘోస్ట్ ప్లాంట్ కోసం పోటీ పడ్డారు. పెద్దవాళ్ళు మాత్రం టేబుల్ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "రణపాలుందా, అది ఇయ్యి మా" అన్నారు. కిడ్నీలో రాళ్ళకు మంచిదని వాళ్ళ నమ్మకం. మందు సంగతి డాక్టర్ని అడగండి పెద్దమ్మా అని చెబుతూనే ఇచ్చాను. ముందు అయిపోయింది అదే. ఒక పెద్దాయన పోర్చులకేరియా చేతిలో పట్టుకుని "ఇది మేకలు తింటాయా?" అన్నాడు. దాని సొంత ఊరు దక్షిణాఫ్రికాలో ఏనుగులు తింటాయని చెప్తే నమ్మలేదు, నవ్వుకుంటూ పోయాడు. మా అమ్మ అందరికీ "నా కూతురు పెంచింది" అని చెప్పుకుంది, చేట సంగతితో సహా.

మొత్తం ఖర్చు తల్లిమొక్కలు, కప్పులు, మందు, కోకోపీట్, డ్రిల్లు బిట్టు, ఆటో కలిపి రెండు వేలకు అటూ ఇటూ అయింది. నర్సరీలో కొంటే పడేదాంట్లో సగం కంటే తక్కువే. నా పొద్దులూ సాయంత్రాలూ లెక్క వేస్తే నర్సరీయే చవక.

అక్టోబరులో స్నేక్ ప్లాంట్ ఆకులు కూడా ముక్కలు కోసి పెట్టాను. పసుపు అంచులున్న రకం. కోసేటప్పుడు ఏది కింది వైపో గుర్తు పెట్టుకోవాలి, తలకిందులుగా గుచ్చితే వేరు పట్టదు. ఫంక్షన్ నాటికి ఒక్క ముక్క కూడా పైకి ఏమీ చూపలేదు. మార్చిలో, ఉగాది దగ్గరపడ్డాక మొనలు లేచాయి. చూస్తే ఒట్టి ఆకుపచ్చ, పసుపు అంచు లేదు. ఆకు ముక్క నుంచి వస్తే ఆ అంచు పోతుంది, అంచు కావాలంటే దుంపతో పిలకను విడదీసి నాటాల్సిందే.

ఏప్రిల్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకామె టీవీ పక్కన పెట్టింది, మొక్క వెలుతురు కోసం మెడ సాచి పాకిపోయింది. ఇంకొకామె రోజూ గ్లాసుడు నీళ్ళు పోసింది, ఆమెకేం చెప్పాలి. ఎక్కువమంది ఎండిన ప్రాంతపు మొక్క కదా అని మే నెల ఎండలో మిద్దె మీద పెట్టారు. 40 దాటిన ఎండలో, అందులోనూ తాడిపత్రి బండ పరిచిన గోడ మీద, ఆ చిన్న కప్పు కింది నుంచి కూడా కాలిపోతుంది. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయని ఫోటోలు పంపారు. నా దగ్గరున్నవి మెట్ల కింద తూర్పు వైపుకు మార్చి, పైన గ్రీన్ నెట్ కట్టి, ఎండలు తగ్గేదాకా సాయంత్రం పూట కొద్దిగా నీళ్ళు చూపించి వదిలేశాను. ఆ కాలంలో అవి పెరగవు, పెంచాలని చూడకూడదు. కొమ్మలు కోయడం, కుండీ మార్చడం కూడా అప్పుడు వద్దు. ఆషాఢంలో గాలి మొదలయ్యాక తేలికైన ప్లాస్టిక్ ట్రేలు ఎగిరి పక్కింటి మిద్దె మీద పడ్డాయి, అప్పటి నుంచి ప్రతి ట్రేలో ఒక ఇటుక పెట్టాను.

మెడ సాగిన మొక్కలున్న వాళ్ళకు మాత్రం పారేయొద్దని చెప్పాను. దసరా వానలు తగ్గాక తలకాయ కోసి, ఆరబెట్టి, మళ్ళీ నాటితే సరి, మోడును కూడా ఉంచుకుంటే అది వేరే చిగురిస్తుంది. కోయడానికి చేతులు రానివాళ్ళు నా దగ్గరికి తెచ్చివ్వమన్నాను. ఇప్పటికే మా చిన్నత్త రెండు కప్పులు పంపించింది, ఒకదాంట్లో మొక్క లేదు, ఉత్త మట్టే ఉంది.